అంజన్న దిగిన శనివారం

రాజనర్సు షార్జాకు తిరిగి పోవడానికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. సెలవు మీద వచ్చిన ఈ నెల రోజుల్లో ఇంటికి సున్నం వేయించాడు, బోరు మోటారు పైకి తీసి బాగు చేయించాడు, పెండ్లిళ్ళకు పోయాడు, పరామర్శలకు పోయాడు. మిగిలిన పని ఒక్కటే. వాకిట్లో రేకుల కింద నిలబడి ఉన్న తెల్లకారును అమ్మేయడం.

రెండేండ్ల కింద సెలవు మీద వచ్చినప్పుడు దాన్ని ఆయనే కొన్నాడు. పాతదే, కానీ మంచి బండి. తాను మళ్ళీ విమానమెక్కితే అది వాకిట్లో దుమ్ము తాగుతూ పడి ఉంటుందనుకున్నాడు. భార్య అమృత అట్లా పడి ఉండనివ్వలేదు. డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, కారును పనిలో పెట్టింది. వారానికి రెండుసార్లు కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా పోతుంది. ఆ పక్కనే తంగళ్ళపల్లిలో ప్రభుదాస్ మరమగ్గాల షెడ్డు ఉంది. అక్కడ లంగా గుడ్డ తాన్లు వెనక సీటు నిండా వేసుకుని వచ్చి కోరుట్లలో, జగిత్యాలలో బట్టల దుకాణాలకు ఇస్తుంది. బస్సులో తాన్లు మోసిన రోజుల్లో ఆమెకు రెండు దుకాణాలే ఉండేవి. కారు వచ్చాక పదకొండు అయ్యాయి. కారు పోతే ఆ తొమ్మిదీ పోతాయని అమృతకు తెలుసు, రాజనర్సుకూ తెలుసు.

రాజనర్సు తల్లి లసుమవ్వ లెక్క వేరు.

"ఆడివిల్ల చేతుల వడ్డంక గా కారుకు ఏదో ఒకటి అయితనే ఉన్నది. మొన్న టైరు వలిగింది. నిన్న రేడియో బందైంది. రేపు ఇంకేమైతదో! నువ్వు దునియా అవతల ఉంటివి. అమ్మెయ్ కొడకా" అని నాలుగు నెలలు ఫోనులో చెప్పింది. కొడుకు వచ్చాక ఎదురుగా కూర్చుని చెప్పింది. అన్నం వడ్డిస్తూ చెప్పింది. చివరికి రాజనర్సు మెత్తబడి, జగిత్యాలలో పాత కార్లు కొని అమ్మే జితేందర్‌కు ఫోన్ చేశాడు.

"ఐతారం పొద్దుగాల అచ్చి చూస్త తమ్మీ. కని పాట పాడని కారు ఎవ్వడు కొంటడు? ఓ స్టీరియో ఏసి పెట్టు" అన్నాడు జితేందర్.

అమృత ఆ మాట విన్నది. ఎదురు చెబితే అత్త మాట మరింత బిగుసుకుంటుందని ఆమెకు పద్దెనిమిదేండ్ల అనుభవం. కాకపోతే మరునాటి నుంచి కారును రోజుకు రెండుసార్లు తుడవడం మొదలుపెట్టింది. పోయే చుట్టానికి మర్యాద చేసినట్టు తుడుస్తూ ఉంటే రాజనర్సుకు చూడబుద్ధి కాలేదు. అయినా అమ్మకు ఇచ్చిన మాట కదా అని ఊరుకున్నాడు.

శనివారం పొద్దున చాయ్ తాగి, లుంగీ ఎగగట్టి, కారు దగ్గర పనిముట్లు పరిచాడు. షార్జాలో పదకొండేండ్లుగా ఏసీలు బాగు చేసే మనిషి ఒక్క స్టీరియో కోసం దుకాణం వాడికి కారు అప్పజెప్పడమేమిటని, జగిత్యాలలో కొత్తది కొని తానే తెచ్చుకున్నాడు. ఏ రంగు వైరు దేనికో దుకాణం వాడు అట్టపెట్టె మీద రాసిచ్చాడు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న బిడ్డ స్వప్న ఒక వీడియో పంపింది. కింద "నాన్నా, ఫస్ట్ బ్యాటరీ తియ్యి" అని కూడా రాసింది.

"నాకు జెప్పుతున్నది సూడు" అని నవ్వి, తలుపు తీసి సీట్లో కూర్చుని, ఎదురుగా స్టీరింగు లేకపోయేసరికి ఆగిపోయాడు.

"గది షార్జా సీటు" అంది అమృత చీపురు పట్టుకుని. "మన దిక్కు స్టీరింగు ఇటు ఉంటది."

అక్కడ కంపెనీ వ్యానుకు ఎడమవైపు స్టీరింగు. వచ్చి నెల దాటుతున్నా ఆయన చేతులకు ఇంకా సెలవు దొరకలేదు. మొదటి వారం కోరుట్ల బస్టాండు దగ్గర కుడివైపు నుంచి ఎదురెక్కి పోతే ఆటోవాళ్ళంతా దండం పెట్టారు. అప్పటి నుంచి బజారుకు పోవాలన్నా అమృతే నడుపుతోంది.

బ్యాటరీ నల్లతీగ ఊడదీశాడు. ఇక స్టీరియో చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ చట్రం తీయాలి. దానికి పైన స్క్రూలు ఉండవు, లోపల క్లిప్పులు పట్టుకుని ఉంటాయి. చట్రం పై అంచు చిన్న అరుగులా డ్యాష్‌బోర్డు మీదికి వంగి ఉంది. సరిగ్గా ఆ అరుగు మీద, గద భుజాన వేసుకుని, బెత్తెడు ఎత్తున కొండగట్టు అంజన్న కూర్చుని ఉన్నాడు. కారు కొన్ననాడు పూజ చేయించి పెట్టిన విగ్రహం. రాజనర్సు ఆయన నడుం పట్టుకుని మెల్లగా కదిలించాడు.

"ఆగు!"

లసుమవ్వ గడప దాటి వచ్చిన వేగానికి చేతిలో చాటలోని బియ్యం సగం వాకిట్లో పడ్డాయి.

"దేవుణ్ణి గుంజుతున్నవారా?"

"గుంజుతలేనే అవ్వా. జెర పక్కకు వెడ్త."

"కొండగట్టుల అయ్యగారు మంత్రం సదివి కూసోవెట్టిండు. నీకు బుద్ధివుట్టినప్పుడు లేపుతవు, బుద్ధివుట్టినప్పుడు కూసోవెడ్తవా? ఆయనేమన్న నీ బామ్మర్దా?"

"అయ్యగారు మంత్రం సదివిండు గని, అంటువెట్టింది నేనే గదనే. రెండు దిక్కుల అంటుకునే టేపు తోని."

"టేపు నీదే. దేవుడు నీవాడు గాదు."

దేవుడంటే రాజనర్సుకూ భక్తే; మంగళవారం షార్జా క్యాంపులో కూడా నీసు ముట్టడు. చట్రం తీయకపోతే స్టీరియో రాదు. అంజన్నను లేపకపోతే చట్రం రాదు. స్క్రూడ్రైవర్‌తో చెవి వెనక గోక్కుంటూ కూర్చున్నాడు.

అమృత వంగి చూసింది. "చట్రం మొత్తం ఊడి వస్తది గద?"

"వస్తది."

"మరి ఆయనను లేపుడెందుకు? కూసున్న పీటతోనే తెద్దాం."

లసుమవ్వ పీటతో దేవుణ్ణి తేవడంలో తప్పు వెదికింది, దొరకలేదు. "సరే. కని నేలకు ఆనియ్యొద్దు" అంది.

రాజనర్సు చట్రం అంచు కింద పాత ఫోను కార్డు దూర్చి లాగాడు. టక్, టక్, టక్ మని క్లిప్పులు ఊడాయి. వెనక ఉన్న చిన్న స్విచ్చు వైరు విప్పాడు. ఏసీ గాలి కిటికీలతో సహా చట్రం చేతికి వచ్చింది. అంజన్న మాత్రం గద కదలకుండా కూర్చునే ఉన్నాడు. లసుమవ్వ చెంబుతో నీళ్ళు చల్లుతూ ముందు నడిచింది. ఒక అంచు రాజనర్సు, ఒక అంచు అమృత పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ లోపలికి తీసుకుపోయారు.

"రథం లెక్కనే ఉన్నది" అంది అమృత నవ్వు ఆపుకుంటూ.

"నవ్వకు. నవ్వితే వంకర వోతది" అంది లసుమవ్వ.

దేవుని అర్రలో పీట మీద చట్రాన్ని ఆనించారు. లసుమవ్వ అక్కడే కూర్చుని దీపం వెలిగించింది. మొగుడూ పెళ్ళాం కారు దగ్గరికి వచ్చారు.

పాత స్టీరియోకు నాలుగు స్క్రూలు. మూడు వచ్చాయి. నాలుగోది తిరగలేదు, ఏదో జిగురు పట్టినట్టుంది. బలం పెట్టి తిప్పి, పెట్టెను బయటికి లాగాడు రాజనర్సు. దాని వెనక నుంచి చీమలు బారుగా ఆయన మోచేతి మీదికి ఎక్కాయి.

"అరెరె! ఇండ్ల చీమలేంది?" అని చెయ్యి విదిలించి, టార్చి వేసి లోపలికి చూశాడు.

స్టీరియో పైభాగమంతా ఎర్రటి జిడ్డు. ముందు తుప్పు అనుకున్నాడు. వేలితో తీసి వాసన చూశాడు. నువ్వుల నూనె. అందులో సింధూరం. చీలికల్లోంచి లోపలికి కారి, వైర్లన్నీ కలిసే కప్లర్ దాకా పోయింది. దాని ఇత్తడి పండ్లకు పచ్చగా చిలుము పట్టింది. మధ్యలో బెల్లం ముక్కలు రెండు, గట్టిపడి, చీమల కోటలా ఉన్నాయి.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు వోసినవా?" అన్నాడు రాజనర్సు.

"నేను బొట్టు వెడ్త. గింత నూనె ఎందుకు వోస్త?" అంది అమృత. ఆ మాట అంటుండగానే ఆమెకు ఏదో తట్టింది. సిరిసిల్లకు పోయే మంగళవారం, శనివారం పొద్దున తాను స్నానానికి పోయినప్పుడు కారు తలుపు చప్పుడు వినబడేది. అత్త కారు లోపల ఊడుస్తోందేమో అనుకునేది. "అత్తమ్మ..." అంది మెల్లగా.

రాజనర్సుకు ముందు నవ్వు వచ్చింది, వెంటనే కోపం వచ్చింది. "నాలుగు నెలలు నీ మీద నింద వెట్టె! ఆడివిల్ల చేతుల వడి ఖరాబైందనె! ఉండు, ఇప్పుడే పిలిచి సూపెడ్త."

"వద్దయ్యా. దేవుని కాడ కూసున్నది. గిది సూస్తే మనసు ఖరాబ్ జేసుకుంటది. తుడిచెయ్, సప్పుడు గాకుండ కొత్తది ఎయ్యి."

"కారు వోతది అమృతా. నీ కారు. ఊకుంటవా?"

అమృత జవాబు చెప్పే లోపల వెనక నుంచి గొంతు వినబడింది. "ఏం తుడుస్తున్నవ్?"

లసుమవ్వ చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. రాజనర్సు చేతిలోని ఎర్రటి పెట్టెను చూసింది. కారులోని ఎర్రటి గుంతను చూసింది. చీమలను చూసింది. ముసలిదే అయినా చూపు గట్టిది.

"నేను వోసిందేనా?" అంది.

రాజనర్సు టార్చిని ఆ గుంత వైపు తిప్పాడు.

"గా చెంచడు నూనె ఇంత దూరం దిగిందా?"

"చెంచడేనానే?" అన్నాడు రాజనర్సు.

"ముందుగాల చెంచడే. రేడియో బందైనంక, ఏదో కీడు సోకిందని మూడు చెంచలు వోసిన" అంది లసుమవ్వ. గ్లాసులు బానెట్ మీద పెట్టి, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, కోడలి వైపు చూడకుండా చెప్పింది: "నువ్వు తాళం తిప్పుకొని వోతివి. రోడ్డు మీద లారీలు, ఇసుక ట్రాక్టర్లు. వీడు సముద్రం అవతల. నువ్వు తిరిగి అచ్చేదాక నా నోట్లకు ముద్ద దిగకపోవు. నేనేం జేద్దును బిడ్డా? నాకు స్టీరింగు పట్టస్తదా? నూనె చెంచ పట్టస్తది. అంజన్నా, దీన్ని పిల్లలు గల్లదాన్ని మంచిగ తోల్కరా అని వోసిన."

అమ్మకు కారు మీద, కోడలి మీద కోపమనుకున్నాడు రాజనర్సు ఇన్నాళ్ళూ. అది కోపం కాదు. తాను లేని ఇంట్లో ఒక ముసలిది వారానికి రెండు రోజులు గేటు వైపు చూస్తూ కూర్చోవడం. అమృత ఇన్నాళ్ళూ క్షేమంగా వచ్చింది ఆ నూనె వల్లనా, ఆమె చేతి నేర్పు వల్లనా? తన జేబులోనూ విమానమెక్కిన ప్రతిసారీ అమ్మ కట్టిచ్చిన సింధూరం పొట్లం ఉండేది. పదో అంతస్తు బయట ఏసీ బిగించేటప్పుడు నడుముకు బెల్టు కూడా ఉండేది. ఈ రెండింటిలో ఏది తనను పట్టుకుందో ఎన్నడూ విడదీసి చూడలేదు. దేవుడు కూడా విడదీసి చూడమనలేదేమో అనిపించింది.

అమృత మాత్రం అంత ఆలోచించలేదు. అత్త చెయ్యి పట్టుకుని, పకపకా నవ్వింది. నవ్వుతూనే కండ్లు తుడుచుకుంది. "బందైనంక ఇంక మూడు చెంచలా అత్తమ్మా! డాక్టరువు గావల్సి ఉంటివి నువ్వు."

లసుమవ్వ మూతి ముడిచింది. ఆ మూతి మూలలో నవ్వు కూడా ఉంది. "సాలు తియ్. చాయ్ సల్లగైతున్నది."

ఆ తరువాత పని చురుగ్గా సాగింది. ఏసీలకు వాడే స్ప్రే కొట్టి రాజనర్సు కప్లర్ పండ్లను మెరిపించాడు. అట్టపెట్టె మీది రాత చూసి, కొత్త స్టీరియో వైర్లను రంగు రంగుకు కలిపి టేపు చుట్టాడు. నలుపు ఎర్తుకు, జతలు జతలుగా ఉన్నవి స్పీకర్లకు. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేదానికి, ఎరుపు వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చేదానికి అని రాసి ఉంది. "రెండూ కరెంటే గదా" అని, ఆయన ఆ రెండింటినీ కలిపి మొదటిదానికే చుట్టేశాడు. బ్యాటరీ తగిలించి తాళం తిప్పాడు. నీలి వెలుగు వచ్చింది. ఎవరో ఆడమనిషి గొంతు మామిడి తోటలకు పట్టిన తేనెమంచు పురుగు గురించి ఖంగున చెప్పడం మొదలుపెట్టింది.

అమృత చప్పట్లు కొట్టింది. రాజనర్సు మీసం దువ్వి, తాళం తీసి జేబులో వేసుకుని దిగాడు. గొంతు ఆగలేదు. తలుపు వేశాడు. అయినా ఆగలేదు. లీటరు నీటికి ఎంత మందు కలపాలో చెబుతూనే ఉంది.

"తాళం నీ జోబుల ఉంటే గది ఎవలతోటి మాట్లాడుతున్నది?" అంది లసుమవ్వ. "నా నూనే నయముండె. సప్పుడు గాకుండ ఉంచింది."

రాజనర్సు ఎర్రబడిన ముఖంతో మళ్ళీ టేపు విప్పి, ఎరుపును ఎరుపు చోట, పసుపును పసుపు చోట కలిపాడు. ఈసారి తాళం తీయగానే నోరు మూసింది. నాలుగు స్క్రూలు బిగించాడు. "అయిపోయింది. ఇగ చట్రం తెచ్చి ఒత్తుడే."

"ఆఁ, ఒత్తుతవు" అంది లసుమవ్వ. "ఇంట్ల దీపం ముట్టిచ్చిన దేవుడాయె. ఇంక కారుల వెట్టాలంటే కొండగట్టుల అయ్యగారే వెట్టాలె. ఇయ్యాల శనివారం. లేవుండ్రి."

"రేపు జితేందర్ కొంటనంటే, ఇయ్యాల పూజెందుకే?"

"కొనేటోడు రేపటోడు. దేవుడు ఇయ్యాలటోడు" అంది లసుమవ్వ. కొడుకును ఎగాదిగా చూసి, "నువ్వు నడపకు. నువ్వు అటు దిక్కు పోతవు" అని కూడా అంది.

అట్లా బయల్దేరారు. అమృత స్టీరింగు ముందు. పక్క సీట్లో, ఒళ్ళో చట్రం, చట్రం మీద అంజన్నతో లసుమవ్వ. కోడలు నడిపే కారులో ముందు సీట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. వెనక, కొత్త గుడ్డ వాసన వదలని సీటులో రాజనర్సు.

కోరుట్ల దాటేదాకా లసుమవ్వ కండ్లు మూసుకునే ఉంది. తరువాత ఒక కన్ను తెరిచింది. రోడ్డుకు సగం దాకా మక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా బస్సు వస్తోంది. లసుమవ్వ రెండు కాళ్ళూ ముందుకు తన్ని పట్టింది.

"అత్తమ్మా, బ్రేకు నా దిక్కున్నది" అంది అమృత. కారును మక్కల కుప్ప వెనక మెత్తగా ఆపి, బస్సుకు చెయ్యి ఊపి, అది పోయాక ఒక్క గింజ తొక్కకుండా పక్కనుంచి తీసింది. రాజనర్సు వెనక నుంచి చూస్తున్నాడు. తనకన్నా ఆమె చేతులు నిదానం. హారన్ కూడా అడిగినట్టు కొడుతోంది, తిట్టినట్టు కాదు. అమ్మ ఇది ఎన్నడూ చూడలేదు. నిజానికి తానూ బజారు దాకా తప్ప చూడలేదు. చూడకుండానే అమ్మాలా వద్దా అని తీర్మానం చేశారు ఇద్దరూ.

జగిత్యాల ఊరి నడుమ షేర్ ఆటోలు, బండ్లు, జనం. మోటారు సైకిల్ మీద ఒకడు ఎడమ నుంచి దూసుకొచ్చి కారు ముందు అడ్డం తిరిగాడు. అమృత ఆపింది. లసుమవ్వ అద్దం దించి తల బయట పెట్టింది.

"ఓ పిలగా! కండ్లు నెత్తికెక్కినయా? మా కోడలు గనుక ఆపింది. ఇంకోలైతే నీ సంగతి ఏందిరా?"

వాడు అంజన్నను చూసి దండం పెట్టి పోయాడు. లసుమవ్వ అద్దం ఎక్కించి, ఏమీ జరగనట్టు, "గా మామిడికాయల ముచ్చట మల్ల పెట్టు. ఊకెనే కూసుంటే తోస్తలేదు" అంది.

మల్యాల దారి పట్టి, కొండ మలుపులు ఎక్కేటప్పుడు ఆమె కాళ్ళు ముందుకు తన్నలేదు. ప్రతి మలుపుకూ చట్రాన్ని ఒళ్ళో అటూ ఇటూ సర్దుకుంటూ, అంజన్నతో గుసగుసగా ఏదో మాట్లాడింది.

కొండ మీద వాహన పూజల దగ్గర వరుసగా ట్రాక్టర్లు, ఆటోలు, బండ్లు. వీళ్ళ వంతు వచ్చింది. దేవుడు ప్లాస్టిక్ చట్రంతో సహా దిగడం చూసి అయ్యగారు నవ్వారు. సంగతంతా విని ఇంకా నవ్వారు. "అమ్మా, ఆయనకు నూనె ఇక్కడ రోజూ అవుతనే ఉంటది. కారుల వేలితోటి బొట్టంత సింధూరం చాలు. ఆయనకూ చాలు, కారుకూ చాలు" అన్నారు. లసుమవ్వ బుద్ధిగా తల ఊపింది. రాజనర్సు చట్రాన్ని దాని చోట పెట్టి ఒత్తాడు. టక్, టక్, టక్. అయ్యగారు పూలు పట్టుకుని అడిగారు:

"బండి ఎవరి పేరు మీద?"

రాజనర్సు నోరు తెరిచాడు. కాగితాల్లో ఉన్నది తన పేరే.

"అమృత" అంది లసుమవ్వ ముందే. "కాయిదం మీద మావాని పేరుండచ్చు. నడిపేది గీమె. మీరు గీమె పేరు సదువుండ్రి. పేరు గట్టిగ సదువుండ్రి, దేవునికి మల్ల అనుమానం రావద్దు."

అమృత చేతులు జోడించి నిలబడింది. కండ్లు మూసుకునే ఉన్నా, పెదవులు మాత్రం ఆమె మాట వినలేదు, నవ్వుతూనే ఉన్నాయి. అయ్యగారు ఆమె పేరు గట్టిగానే చదివారు.

రాజనర్సు నిమ్మకాయల బండి పక్కకు నడిచి ఫోన్ తీశాడు.

"జితేందర్ అన్నా, రేపు రాకుండ్రి. కారు అమ్ముతలేం."

"ఏమైందే? స్టీరియో ఏసుడు రాలేదా?"

"అది మంచిగనే పాడుతున్నది. ఓనర్ ఒప్పుకుంటలేదు."

"ఓనర్ నువ్వే గద తమ్మీ?"

రాజనర్సు కారు వైపు చూశాడు. లసుమవ్వ ముందు సీట్లో ఎక్కి కూర్చుని, కారు చుట్టూ తిరుగుతున్న కోడలిని "జెల్ది రా, పొద్దు వోతున్నది" అని పిలుస్తోంది.

"నేను గూడ గట్లనే అనుకున్న అన్నా" అన్నాడు రాజనర్సు.